నీలి గుడ్డ ఎవరిది?



"మీ డ్రెస్ నిజంగా మీదేనా? అద్దాలు బజార్ల కొన్నవే, గుడ్డ మిల్లుదే కదా" అని అడిగేటోళ్ళు కాలేజీలో చాలామందే ఉన్నరు. వాళ్ళ కోసం ఆఫ్రికాలోని ఒక గుడ్డ చరిత్ర రాస్తున్న. దాని పేరు ష్వేష్వే. ముదురు నీలం నూలు గుడ్డ మీద సన్నని తెల్ల చుక్కలు, గీతలు, పువ్వులు ఉంటయి. లెసోతోలో బసోతోలు, దక్షిణాఫ్రికాలో ఖోసాలు ఇది మాదే అంటరు. పుట్టింది మాత్రం అక్కడ కాదు.

కథ మన దిక్కు నుంచే మొదలైతది. 1600లలో డచ్, ఇంగ్లీష్ కంపెనీలు మచిలీపట్నం లాంటి రేవుల నుంచి అద్దకం బట్టలను ఓడలకెక్కించినయి. మన దేశపు నీలిమందు కూడా అట్లనే పోయింది. వాటిని చూసి యూరప్ వాళ్ళు సొంతంగా నీలి అద్దకం మొదలుపెట్టిన్రు. జర్మనీ, హంగరీ పల్లెల్లో అది రైతుల బట్ట అయింది. 1652లో డచ్ వాళ్ళు కేప్‌లో స్థావరం పెట్టినంక నీలి గుడ్డ అక్కడికీ చేరింది. బానిసలు, సైనికులు కట్టుకున్నరు. 1850ల చివర్ల జర్మన్ వలసదారులు తూర్పు కేప్‌లో దిగినంక వాడకం ఇంకా పెరిగింది.

1840లలో ఫ్రెంచి మిషనరీలు బసోతో రాజు మొదటి మొష్వెష్వెకు ఈ గుడ్డ కానుకగా ఇచ్చిన్రని, ఆయన పేరే దానికి వచ్చిందని చెప్తరు. నడుస్తుంటే గంజి గుడ్డ చేసే చప్పుడే ఆ పేరని ఇంకొందరి మాట. ఖోసాలు మాత్రం 'ఉజమాని' అన్నరు, అంటే జర్మన్ గుడ్డ. బయటిదని పేరులోనే చెప్పుకున్నరు, సిగ్గుపడలే.

మొదట్ల దాని అర్థం అంత మంచిది కాదు. ఖోసా ఆడవాళ్ళు అప్పటిదాకా తోళ్ళు, ఎర్రమట్టి పూసిన దుప్పట్లు కట్టేవాళ్ళు. మిషన్ బడికి పోయినోళ్ళు అవి వదిలి గౌను తొడగాలె. నీలి గౌను అంటే పాత బతుకును ఇడిసిన గుర్తు. హాస్టల్‌కొచ్చిన మొదటి వారంలోనే తన భాషను గొంతులో మింగేసుకున్న మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

కానీ ఆ గౌను అక్కడ ఆగలే. ఖోసా ఇంట్ల కొత్త కోడలు ఏప్రాన్, తలగుడ్డతో కట్టే బట్ట అయింది. బసోతోలకు పెళ్ళిళ్ళ, పండుగల గౌను అయింది. కుట్టు వాళ్ళది, ఎప్పుడు కట్టాల్నో చెప్పే రివాజు వాళ్ళది. మా దాది ఫేటియా మీద గవ్వలు సముద్రానివి, బిళ్ళలు ఐదో జార్జి బొమ్మవి. సముద్రం ఆమె ఎప్పుడూ చూడలే. అయినా తండాలో ఎవరూ ఇది ఎవరి డ్రెస్ అని అడగలే.

ఇక తయారీ. గుడ్డను ముందు నీలంలో ముంచుతరు. తర్వాత, చెక్కిన రాగి రోలర్లు పలుచని ఆమ్లాన్ని గుడ్డకు అంటిస్తయి. అది తగిలినచోట రంగు పోయి తెల్ల డిజైన్ తేలుతది. ఓడ ప్రయాణంలో చెమ్మకు పాడుకాకుండా గంజి దట్టంగా పెట్టేవాళ్ళు. ఉతికితే గంజి పోయి మెత్తబడుతది. ఓడల అవసరం తీరినా ఆ గంజిని మానలే, ఎందుకంటే కొనేటోళ్ళు గుడ్డను గుర్తుపట్టేది దానితోనే.

తర్వాత తర్వాత ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల నుంచి వచ్చేది. 1982లో డ గామా కంపెనీ దక్షిణాఫ్రికాలోనే నేయడం, అద్దడం మొదలుపెట్టింది. 1992లో 'మూడు పిల్లుల' మార్కు హక్కులు కొని, ఆ రాగి రోలర్లను జ్వెలిట్షా ఫ్యాక్టరీకి తెచ్చుకుంది. 1994లో అందరికీ ఓటు వచ్చినంక, పల్లె ముసలమ్మల బట్ట అని చూసినదాన్నే చదువుకున్న ఆడపిల్లలు గర్వంగా తొడుగుతున్నరు. ఎరుపు, గోధుమ రంగుల్లోనూ దొరుకుతది.

ఇప్పుడు బయటి దేశాల నుంచి చౌక నకిలీలు కూడా వస్తున్నయి. అందుకే తెలిసిన అమ్మలు దుకాణంల గుడ్డను తిరగేసి వెనక ముద్ర చూస్తరు, వాసన చూస్తరు, చివరికి అంచును నాలుకకు తగిలిస్తరు. ఉప్పగా ఉంటెనే పైసలు తీస్తరు.