చౌక సారాయి

చౌకమద్యమునకొక ఆకర్షణము కలదు. దినమంతయు ఎండలో కూలిచేసి వచ్చినవానికి సారాయి దుకాణమువద్ద నలుగురి సాంగత్యమును, ఒంటినొప్పులకు క్షణికోపశమనమును లభించును. కొద్దిపాటి రొక్కముతో అంతటి ఊరట మరెక్కడను దొరకదు. ఈ అవసరమును ప్రభుత్వమును గుర్తించెను. 1980 దశకమున ‘వారుణి వాహిని’ పథకము సారాయిని ప్లాస్టిక్ పొట్లములలో ఆంధ్రదేశపు పల్లెపల్లెకు చేర్చెను. త్రాగువాడు వెదకికొని పోవలసిన శ్రమయు తొలగెను.

పొట్లము వెల స్వల్పమే. అయినను ప్రతిదినమును దానిని చెల్లించినది కూలివాని యింటి అన్నపుకుండ. ఈ లెక్క స్త్రీలకు బాగుగ తెలియును. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు, పాఠములలో తమ కష్టమునే చదువుకొని, 1992లో ఊరి సారాయి దుకాణమును మూయించిరి. ఉద్యమము జిల్లాలు దాటెను. సారాయి పాటలను సైతము వారు అడ్డగించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

ఖజానాలోటును, దొంగరవాణాను కారణములుగా చూపి 1997లో ఆ సంపూర్ణ నిషేధమును సడలించిరి. సారాయిపై నిషేధము మాత్రము నిలిచెను. కూలివాడు మద్యమునకు అలవాటుపడినట్లే, ప్రభుత్వము దాని రాబడికి అలవాటుపడియుండెను.