ది స్పై ఇన్ బ్లాక్ (1939 చిత్రం)

'ది స్పై ఇన్ బ్లాక్' మొదటి ప్రపంచ యుద్ధకాలపు కథతో వచ్చిన నలుపు-తెలుపు బ్రిటిష్ గూఢచారి చిత్రం. దర్శకుడు మైకేల్ పావెల్, రచయిత ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ కలిసి పనిచేసిన తొలి సినిమా ఇదే. నిర్మాత ఇర్వింగ్ ఆషర్, సమర్పణ అలెగ్జాండర్ కోర్డా, సంగీతం మిక్లోష్ రోజా. అమెరికాలో 'యు-బోట్ 29' పేరుతో విడుదలైంది.

కథ: 1917లో జర్మన్ జలాంతర్గామి కెప్టెన్ హార్ట్ (కాన్రాడ్ ఫైట్) ఆర్క్‌నీ దీవుల్లో రహస్యంగా దిగుతాడు. స్థానిక బడిపంతులమ్మ వేషంలో ఉన్న గూఢచారిణి (వలెరీ హాబ్సన్), పదవి తగ్గించారని పగబట్టిన బ్రిటిష్ అధికారి (సెబాస్టియన్ షా) అతనికి సాయపడతారు. అక్కడి బ్రిటిష్ నౌకాస్థావరం స్కాపా ఫ్లో నుంచి బయటికొచ్చే నౌకాదళాన్ని దారికాచి ముంచడం పథకం. సాయపడిన ఇద్దరూ నిజానికి బ్రిటన్ తరఫున పనిచేస్తున్నవారేనని తేలాక, హార్ట్ మతగురువు వేషంలో తప్పించుకుని ప్రయాణికుల ఓడ ఎక్కుతాడు. జర్మన్ ఖైదీలతో కలిసి దాన్ని చేజిక్కించుకుంటాడు. చివరికి తన జలాంతర్గామే ఆ ఓడను ముంచుతుంది.

రచన: మూలం ఆర్క్‌నీ రచయిత జె. స్టోరర్ క్లౌస్టన్ నవల (1917). టైటిల్స్‌లో రోలండ్ పెర్ట్వీ పేరు కూడా ఉంది. అయితే కథను మలుపు తిప్పింది ప్రెస్‌బర్గరేనని పావెల్ తన ఆత్మకథలో రాశాడు. సినిమా వచ్చిన దాదాపు అర్ధ శతాబ్దానికి రాసిన జ్ఞాపకం కనుక దాన్ని కొంత జాగ్రత్తగా చూడాలి. అయినా శత్రుసైనికుడిని కథకు కేంద్రంగా, సానుభూతితో నిలిపే తీరు ఈ జంట తర్వాతి చిత్రాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి, పావెల్ మాటకే మొగ్గు చూపవచ్చు. హార్ట్ తనను గూఢచారి అనిపించుకోవడానికి ఇష్టపడడు, తప్పించుకునే దాకా నౌకాదళ యూనిఫాం తొడుక్కునే తిరుగుతాడు. ఆ పాత్రధారి ఫైట్ నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లోనే జర్మనీ విడిచిన నటుడు.

విడుదల, ఆ తర్వాత: బ్రిటన్‌లో విడుదల తేదీని సాధారణంగా 1939 ఆగస్టుగా, అంటే రెండో ప్రపంచ యుద్ధానికి కొన్ని వారాల ముందుగా చెబుతారు. అదే ఏడాది అక్టోబరు 14న గుంథర్ ప్రీన్ నడిపిన జర్మన్ జలాంతర్గామి యు-47 నిజంగానే స్కాపా ఫ్లోలోకి చొరబడి బ్రిటిష్ యుద్ధనౌక 'రాయల్ ఓక్'ను ముంచింది. మృతుల సంఖ్య పాత గ్రంథాల్లో 833, ఇటీవలి లెక్కల్లో 835. ఈ సినిమా ఆ దాడిని ముందే ఊహించిందనడం అతిశయోక్తి కావచ్చు. స్కాపాపై జర్మన్ జలాంతర్గాముల ప్రయత్నాలు 1914, 1918లలోనే జరిగాయి. పైగా సినిమాలోని పథకం రేవు వెలుపల పొంచి ఉండడమే.

ఫైట్, హాబ్సన్‌లతోనే పావెల్, ప్రెస్‌బర్గర్ 1940లో 'కాంట్రాబాండ్' తీశారు.