ఇంట్లోనే రికార్డయ్యే నిఘా కెమెరాలు

దృశ్యాలను క్లౌడ్‌కు పంపకుండా ఇంట్లోని హార్డ్‌డిస్క్‌లోనో మెమరీ కార్డులోనో దాచే సీసీ కెమెరా ఏర్పాటు ఇది. నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు, నెలనెలా చందా ఉండదు. అనలాగ్ కెమెరాలకు డీవీఆర్, ఐపీ కెమెరాలకు ఎన్‌వీఆర్ అనే రికార్డర్లు వాడతారు. పీఓఈ ఉన్న ఐపీ కెమెరాకు కరెంటూ దృశ్యమూ ఒకే కేబుల్‌లో వెళ్తాయి; పొడవు 100 మీటర్లు దాటకూడదు.

కొనేవారు మెగాపిక్సెళ్ల మీద పెట్టే శ్రద్ధ డిస్క్ మీద పెట్టరు. సెకనుకు 4 మెగాబిట్ల లెక్కన ఒక్కో కెమెరా రోజుకు సుమారు 43 గిగాబైట్లు నింపుతుంది. నాలుగు కెమెరాలుంటే 1 టెరాబైట్ డిస్క్ ఆరు రోజులకైనా చాలదు. ఆపై పాత దృశ్యాలు చెరిగిపోతూ ఉంటాయి. హెచ్.265 కుదింపు, కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే అమరిక ఈ గడువును పెంచుతాయి.

గేటు కెమెరాను మరీ ఎత్తున బిగిస్తే వచ్చినవారి నడినెత్తి తప్ప ముఖం కనబడదు. లెన్స్ ముందు సాలీడు గూడు కట్టిందంటే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు తెరంతా తెల్లబడుతుంది. రికార్డర్‌ను టీవీ పక్కన పెట్టడం మామూలే గానీ, దొంగ దాన్ని పట్టుకుపోతే సాక్ష్యమూ పోయినట్టే. గాలి ఆడే చోట, తాళం వేసి ఉంచాలి. చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి: 2016లో మిరాయ్ మాల్‌వేర్ లొంగదీసుకున్నది అలా వదిలేసిన కెమెరాలను, డీవీఆర్‌లనే.