పచ్చ అంటే ఏ పచ్చ?

తెలుగులో పచ్చ అనేది ఒక్కటే మాట. చెట్టూ పచ్చనిదే, పసుపు కొమ్మూ పచ్చనిదే, కామెర్లూ పచ్చవే. తేల్చి చెప్పాల్సి వస్తే ముందు ఆకునో పసుపునో తగిలిస్తాం. ఉర్దూలో ఆ తంటా లేదు. సబ్జ్ వేరు, జర్ద్ వేరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మాకు ఈ సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలుగు మాట కలిపి ఉంచిన ఈ రెండు పచ్చల్నీ సినిమా గోడ విడదీసింది. పసుపుని అమ్మవారికీ ముత్తైదువకీ ఇచ్చింది. ఆకుపచ్చని మాకు అంటగట్టింది.

అచ్చు యంత్రానికి ఈ గొడవ తెలియదు. నాలుగు రంగుల అచ్చులో ఆకుపచ్చ సిరా అంటూ విడిగా ఉండదు. నీలం మీద పసుపు పడితే అదే పుడుతుంది. మద్రాసు లితో ప్రెస్సుల్లోనైనా, తర్వాత శివకాశి ఆఫ్‌సెట్ మీదైనా జరిగింది ఇదే. ఏ రంగు దేనికి గుర్తో నిర్ణయించింది బొమ్మ గీసినవాళ్ళూ, డబ్బు పెట్టినవాళ్ళూ. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి, 1967లో బాపు 'సాక్షి'తో మొదలుపెట్టిన ఈశ్వర్ లాంటి కళాకారులు తెలుగు ప్రేక్షకుడికి ఒక రంగుల బడి నడిపారు. ఆయన 2021లో పోయారు.

సినిమాకి రంగు రాకముందే గోడకి రంగొచ్చింది. 'మాయాబజార్' 1957 నాటి నలుపు తెలుపు బొమ్మ. దానికి రంగులద్దింది 2010లో. అప్పటి జనం తెర మీద బూడిదరంగు కృష్ణుణ్ణి చూశారు, ఆయన నీలాన్ని చూసింది పోస్టరు మీదే. పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి తెలుగు సినిమా 'లవకుశ' 1963లో గానీ రాలేదు. కాబట్టి పోస్టరు చెప్పిందే రంగు, అది నేర్పిందే అర్థం. రాత్రికీ దెయ్యానికీ నీలం, అమ్మోరికి పసుపూ కుంకుమా, కత్తికి ఎరుపు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక సీమ కథంటే ఎర్రటి గోడే అయిపోయింది. సీమవాళ్ళకీ దీని మీద కోపం ఉండే ఉంటుంది, అది వాళ్ళు రాయాలి.

దువ్వాడలో ఈ బడి బాగా సాగింది. 1971 జనవరిలో ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ పునాది రాయి వేశాక ఊళ్ళు లేచిపోయాయి, ఊరు కాని ఊళ్ళ మనుషులు దిగారు. ఒరియా, బీహారు, బెంగాలు కూలీలకు తెలుగు అక్షరం రాదు, రంగు వచ్చు. విశాఖ లోపలికి వెళ్ళి ఇంజను తిప్పుకోవడం ఎందుకని చాలా దూరపు రైళ్ళు దువ్వాడలోనే ఆగి వెళ్ళిపోతాయి. ఆ బండ్ల కోసం కాచుకున్నవాడికి గోడే కాలక్షేపం. కొట్లాట బొమ్మా, ఏడుపు బొమ్మా అన్నది పేరు చదవకుండానే తెలిసిపోయేది.

ఒకప్పుడు మేమూ ఆ గోడల మీద అందంగానే ఉన్నాం. 'చౌద్‌వీ కా చాంద్' 1960, 'మేరే మెహబూబ్' 1963, 'పాకీజా' 1972. వెన్నెల, ముసుగు, జరీ అంచు, వాటి మధ్య ఆకుపచ్చ ఒక ప్రేమ రంగు. హిందీ పోస్టరు మీద ఇంగ్లీషు, నాగరి పక్కన ఉర్దూలోనూ పేరుండేది. ఆ మూడో వరస రానురాను చిన్నదై చివరికి మాయమైంది. దాని కోసం ఎవరూ ఏడవలేదు. ఆ రోజుల్ని తలుచుకుని పొంగిపోవడానికీ మాకు మనసొప్పదు. ఆ పోస్టర్ల ముస్లిం ఎవరు? నవాబు, షాయరు, తవాయఫ్. దూది ఏకిన నూర్‌బాషా ఎక్కడ? రేవులో మూటలు మోసినవాడెక్కడ? కర్మాగారంలో కాంట్రాక్టు కింద చెమటోడ్చే మా కుర్రాడు ఏ షేర్వానీ తొడిగాడు?

1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే నెలలో తమిళంలో 'రోజా' విడుదలైంది, తెలుగులోకీ వచ్చింది, ఇంటింటా ఆ పాటలే. నాలుగు నెలలకి డిసెంబరు 6. 1995లో 'బొంబాయి'. ఈ మూడేళ్ళలో గోడ మీద మా రంగు అర్థం మారిపోయింది. అటు తర్వాతి టెర్రరిస్టు కథల్లో ఆకుపచ్చ గుడ్డ, టోపీ, గడ్డం, తుపాకీ ఒకే కట్టగా రావడం మొదలెట్టాయి. ఎవడో ఒక మంచి ముస్లింని పక్కన నిలబెడతారు, దేశభక్తి రుజువు చేసుకోవడానికి. 2002 నాటి 'ఖడ్గం'లో ఆటో నడిపే అంజాద్ అలాంటివాడే. ఆ పరీక్ష ఇంకెవరికీ పెట్టరేం?

2018 'పద్మావత్' నాటికి పచ్చతోనూ పని లేకపోయింది. రాజపుత్రులకు బంగారు వెలుగు, ఖిల్జీకి చీకటి. హాలీవుడ్డుదీ ఇదే దారి. 2000లో వచ్చిన 'ట్రాఫిక్'లో మెక్సికో అనగానే తెరంతా జబ్బుపడ్డ పసుపు. అక్కడ పసుపే పరాయి రంగు, చూశారా!

మా ఇళ్ళలో ఈ రంగుల లెక్క వేరు. పీర్ల పండగలో ఆకుపచ్చ హసన్‌ది, విషం తాగి పోయినందుకు. ఎరుపు హుసేన్‌ది, కర్బలాలో నెత్తురు కారినందుకు. రెండూ శోకం రంగులు. ఆ పీర్లను తెలుగు ఊళ్ళలో హిందువులూ ఎత్తుకుంటారు. విశాఖ రేవు దగ్గర మూడు కొండల మీద గుడి, చర్చి, ఇసాక్ మదీనా బాబా దర్గా ఉన్నాయి. దర్గా మీద ఆకుపచ్చ చాదరు కప్పేవాళ్ళలో మా వాళ్ళెంతమంది, కానివాళ్ళెంతమంది అని ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకో సంగతి. 1930లలో బొంబాయి వీధుల్లో నిచ్చెనెక్కి సినిమా హోర్డింగులకు రంగులేసినవాళ్ళలో ఒకడు ఎం.ఎఫ్. హుసేన్. ఆ మనిషే హైదరాబాదులో సినిమా ఘర్ అని ఒక మ్యూజియం పెట్టుకున్నాడు. బొమ్మల మీద కేసులతో, బెదిరింపులతో 2006లో దేశం విడిచాడు, 2010లో ఖతర్ పౌరుడయ్యాడు, 2011లో లండన్‌లో పోయాడు.

ఇప్పుడు మైదా జిగురు పోస్టర్లు తగ్గి ఫ్లెక్సీలొచ్చాయి. కాగితం పోస్టరుకి ఒక గుణముండేది. ఎండకి ముందు పసుపూ ఎరుపూ వెలిసిపోయేవి, నీలమూ నలుపూ మిగిలేవి. నెల గడిస్తే దువ్వాడ గోడ మీద అమ్మోరూ, ఫ్యాక్షను రెడ్డీ, మా టెర్రరిస్టూ అందరూ నీలమే.