పాత గొంతు, కొత్త ప్లేటు

కలకత్తానూ మద్రాసునూ కలిపే రైలు మార్గం మీద ఉన్న ఊరు అనకాపల్లి. తీరం వెంట ఆ పట్టాలు పడింది 1890 దశకంలో. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గొంతును రికార్డు చేశాడు. 1908లో గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్లు అచ్చుపోసే కర్మాగారం పెట్టింది, తరువాత దాన్ని డమ్‌డమ్‌కు మార్చింది. తెలుగు గాయకుడు మద్రాసులో పాడాలి, ఆ పాట డమ్‌డమ్‌లో లక్క ప్లేటై రావాలి. ఆ రెండు నగరాల నడుమ దారిలో ఉన్న మన ఉత్తరాంధ్రకు పాట అచ్చు రూపంలో చేరిన చరిత్ర అంతా ఈ ప్రయాణంతోనే మొదలవుతుంది. బెల్లం వ్యాపారంతో దేశమంతా పేరు పొందిన ఈ పట్టణానికి, గానుగల కాలం ముగిసే వేళకు వచ్చే కొత్త అమావాస్య నూకాలమ్మ జాతరకు, పద్యమూ పాటా కొత్తవి కావు. వాటిని పెట్టెలో దాచుకుని, కోరినప్పుడు మళ్లీ వినవచ్చునన్నదే కొత్త.

తొలి యుగం నాటక పద్యానిది. రంగస్థలం మీద ఒక్క పద్యాన్ని రాగాలాపనతో సాగదీసి, వన్స్‌మోర్ల మధ్య మళ్లీ ఎత్తుకునే నటుడికి కంపెనీవాళ్లు ఇచ్చింది ఒక్కో వైపుకు సుమారు మూడు నిమిషాలు. ఆ ఇరుకులో కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటివారు తమ కళను కుదించి, కుదింపులోనే కొత్త అందం సాధించారు. పద్యం ఎక్కడ విరవాలో, రాగం ఎంతవరకు చాలో ఆ ప్లేటు నేర్పింది. తరువాతి తరం నటులు ఆ ప్లేట్లు విని పద్యం పట్టుకున్నారు. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, హచిన్స్ కంపెనీలు పోటీపడ్డాయి. 1932లో మద్రాసులో ఎ.వి.మెయ్యప్పన్ ప్రారంభించిన సరస్వతీ స్టోర్స్ దక్షిణాది రికార్డుల వ్యాపారానికి పెద్ద అండ అయింది. మన ప్రాంతం వాటా తక్కువది కాదు. సాలూరు దగ్గరి పల్లెలో పుట్టిన రాజేశ్వరరావు పసివాడుగానే హచిన్స్‌కు పాడాడు. విజయనగరాన్ని తన ఊరు చేసుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ కమాను నాదం ప్లేట్ల మీద నిలిచింది.

పద్యం పక్కనే లలితగీతం చోటు చేసుకుంది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన గీతాలు, టంగుటూరి సూర్యకుమారి గొంతు, వింజమూరి సోదరీమణులు సీత, అనసూయలు పల్లెల నుంచి ఏరి తెచ్చిన జానపదాలు సినిమాతో సంబంధం లేకుండానే ఇళ్లకు చేరాయి. విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల, సినిమా ఒకవైపు తనను ఏలుతున్నా, కరుణశ్రీ పద్యాలను ప్లేటు మీదకు తెచ్చి, నాటకం చూడనివారికి కూడా పద్యాన్ని ప్రాణప్రదం చేశాడు. నా దృష్టిలో తెలుగు రికార్డు చరిత్రలో అంతకు మించిన మలుపు లేదు.

అదే రోజుల్లో సముద్రాల ఆవల మరో సంగీతం పుట్టింది; పాత ప్లేటును మళ్లీ అచ్చువేసే విద్యకు తరువాత అదే ఆధారమైంది. 1954 జులైలో మెంఫిస్ నగరంలోని సన్ స్టూడియోలో శామ్ ఫిలిప్స్ ఎల్విస్ ప్రెస్లీ చేత పాడించిన తొలి పాట, నల్లవారి రిథమ్ అండ్ బ్లూస్‌నూ తెల్లవారి పల్లెపాటనూ కలిపిన రాకబిల్లీకి దారి తీసింది. చిన్న చిన్న కంపెనీలు కొద్ది సంఖ్యలో అచ్చువేసిన నిమిషానికి 45 చుట్లు తిరిగే ఆ రికార్డులను సొంత దేశం త్వరగానే మరచింది. 1970 దశకంలో ఐరోపా అభిమానులు వాటిని వెదికి తీశారు. ఇంగ్లండులో చార్లీ, జర్మనీలో రిచర్డ్ వైజే 1975లో నెలకొల్పిన బేర్ ఫ్యామిలీ కంపెనీలు పాత రికార్డులకు కొత్త అచ్చులు వేసి, ఎవరు పాడారో, ఎవరు గిటారు వాయించారో, ఏ రోజున రికార్డు చేశారో పుస్తకాలుగా జతచేశాయి. పునర్ముద్రణను ఒక విద్యగా నిలబెట్టినవారు వాళ్లు.

ఇక్కడ ఆ పని చేసిన మహనీయుడు వి.ఎ.కె. రంగారావు. మద్రాసులో కూర్చుని వేలకొద్దీ 78 చుట్ల ప్లేట్లు సేకరించి, ప్రతి పాటకూ వంశచరిత్ర తెలుసుకున్న ఆయన కూర్పుతో పాత తెలుగు పాటలు ఎల్పీల మీదకు వచ్చాయి. కంపెనీ దగ్గర మాతృకలు లేనప్పుడు సేకర్తల ఇంట్లో మిగిలిన ప్లేటే ఆధారం. దాని నుంచి నాదాన్ని తీయడానికి ఓర్పూ చెవీ కావాలి. 78 ప్లేటు గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. దీని ముల్లు దానికి పెడితే అడుగున పొర్లి గరగర తప్ప ఏమీ పట్టదు. ఉక్కు ముల్లుతో అరిగిన ప్లేటులో గాడి గోడ మీద ఏ ఎత్తున నాదం ఇంకా చెడలేదో వెదికి, అందుకు తగిన ముల్లు ఎన్నుకోవాలి. వేగం సంగతి మరీ కీలకం. తొలినాళ్ల రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్లతో చెక్కినవి కావు. 74తో చెక్కినదాన్ని 78తో తిప్పితే గొంతు దాదాపు అర శ్రుతి పైకి లేస్తుంది, గమకం తొందరపడుతుంది. అసలే హెచ్చు శ్రుతిలో పాడే మన నాటక గాయకులను ఆ తప్పు కీచుగొంతువాళ్లుగా మార్చేసింది. పాత పద్యం నచ్చదనే నేటి యువకుడు బహుశా ఆ గాయకుణ్ణి ఇంతవరకు విననే లేదు. గరగర పూర్తిగా తొలగించాలనే ఆత్రంలో హార్మోనియం అంచులను, ఊపిరి చప్పుడును కూడా తుడిచేసిన సంచికలు అంతకంటె అన్యాయం చేశాయి.

మన దేశంలో కరెంటు లేని ఇళ్లు, కీ ఇచ్చే పెట్టెలు ఎక్కువ కనుక 78లు ఆలస్యంగా తప్పుకున్నాయి. బీటిల్స్ పాటలు సైతం 1960 దశకంలో ఇక్కడ 78 ప్లేట్లుగా వచ్చాయి. తరువాత ఎల్పీల కాలం. 1974లో ఘంటసాల కన్నుమూశాక వెలువడిన భగవద్గీత, 1977 నాటి దానవీరశూరకర్ణ సంభాషణలు, 1980లో శంకరాభరణం మైకుసెట్ల మీద కోస్తా అంతటా మోగాయి. జాతరల్లో రికార్డు డాన్సులకు ఆ పేరు తెచ్చిందీ ఈ ప్లేట్లే. అనకాపల్లిలో పెరిగిన గీత రచయిత సీతారామశాస్త్రి 1986లో సిరివెన్నెల చిత్రంతో పేరు పొందే నాటికి క్యాసెట్టు రాజ్యమేలుతోంది. ఆపైన సీడీ, ఫోను. 2000లో గ్రామఫోన్ కంపెనీ సారేగామా అయింది, 2017లో పాత పాటలు నింపిన కార్వాన్ పెట్టెను అమ్మింది. ఇంతలో ప్రపంచం వినైల్ వైపు మళ్లింది. 2020లో అమెరికాలో ఎల్పీల రాబడి సీడీలను దాటింది.

ఈ మళ్లింపులో మన నాటక పద్యానికి ఇంకా తగిన చోటు దక్కలేదు. అడ్డంకి చట్టం కాదు. మన దేశంలో శబ్దముద్రణ మీద హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. అంటే 78ల స్వర్ణయుగమంతా ఇప్పుడు అందరిదీ. సాహిత్యంపై హక్కు రచయిత మరణానంతరం 60 ఏళ్లు. తిరుపతి వెంకట కవుల జంటలో చివరివాడు చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 1950లో, హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో వెళ్లిపోయారు. కాబట్టి ఆ జంటకవుల పాండవ నాటకాలకూ, హరిశ్చంద్ర పద్యాలకూ, వాటిని తొలిగా పలికిన గొంతులకూ తలుపు తెరిచే ఉంది. ఆ పని ఎక్కడ మొదలుపెట్టినా ముందుగా ఇళ్ల అటకల మీది ప్లేట్లను పగలకుండా కిందికి దించాలి, ప్రతిదాని మీద లేబుల్ దగ్గర చెక్కిన మాట్రిక్స్ సంఖ్య రాసుకోవాలి, హార్మోనియం శ్రుతితో సరిచూసి వేగం నిర్ణయించాలి, పాడినవారి పేరుతో పాటు హార్మోనిస్టు పేరు కూడా అట్ట మీద వేయాలి.