రహదారిలో దారి ఎవరిది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో పెద్దవారి నోట రోడ్డు 'సడక్'. చేనికి పోయేది బాట, కాలినడకకు తొవ్వ, నాలుగు త్రోవలు కలిసేది చౌరస్తా. 'రహదారి' మాత్రం పత్రికల మాట, ప్రభుత్వపు బోర్డుల మాట. చివర 'దారి' ఉన్నది గనుక సగమైనా మనదే అనిపిస్తుంది. కాని ఆ దారి మన దారి కాదు.

పారసీకంలో 'రాహ్' అంటే మార్గము. 'దార్' అంటే కలిగినవాడు, కాచేవాడు. జమీందారులోనూ, హవల్దారులోనూ ఉన్నది అదే. రాహ్‌దార్ బాటకు కాపరి. సరుకుతో పోయేవారు అతనికి చెల్లించుకొన్నది రాహ్‌దారీ, అంటే మార్గసుంకము. పోనిమ్మని ఇచ్చే చీటీకీ అదే పేరు. 1855లో అచ్చయిన విల్సన్ పదకోశంలోనూ ఈ మాటకు అర్థం సుంకమే. ఔరంగజేబు తన యేలుబడి తొలినాళ్ళలోనే దీనిని రద్దు చేశాడు. దూరప్రాంతాలలో ఆ ఆజ్ఞను లెక్కచేసినవారు లేరని ఖాఫీఖాన్ వ్రాశాడు.

మన సీమలో ఈ మాటకెంత బరువుండేదో ఊహించడానికి పటం చాలు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల సంస్థానం; కృష్ణ దాటితే వనపర్తి; తూర్పున కొల్లాపురం రాజధానిగా జటప్రోలు, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోది. అందరూ నిజాముకు పేష్కషు కట్టేవారే, ఎవరి సీమలో వారే ప్రభువులు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు పోతూ కృష్ణ దాటి ఈ వనపర్తి మీదుగానే హైదరాబాదు చేరాడు. ఎద్దులబండి నాలుగు రోజులు నడిస్తే ఇద్దరు ముగ్గురు ప్రభువుల నేల మారేది. తుంగభద్రకు దక్షిణాన మద్రాసు ప్రభుత్వం లోపలి సుంకాలను 1844లో ఎత్తివేసింది.

సుంకం పేరు రోడ్డు పేరెలా అయింది? నా ఉద్దేశంలో ఇది చెవి చేసిన పని. పారసీకం తెలియనివాడు రాహ్‌దారీని 'రాహ్ + దార్ + ఈ' అని విడదీయడు. 'రహ', 'దారి' అనే వింటాడు. ఉర్దూలో ఈ మాట మరో మలుపు తిరిగింది: అక్కడ రాహ్‌దారీ అంటే నడవా. 2019లో తెరిచిన కర్తార్‌పూర్ మార్గాన్ని పాకిస్తాన్‌లో కర్తార్‌పూర్ రాహ్‌దారీ అనే అంటారు. బలూచిస్తాన్ సరిహద్దులో మాత్రం ఇరాన్‌కు పోవడానికిచ్చే అనుమతి కాగితం పేరు నేటికీ రాహ్‌దారీయే.

ఇక మన 44వ నెంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, నడిగడ్డ మీదుగా కర్నూలు చేరుతుంది. దానిమీద పెబ్బేరు దగ్గర శాఖాపూర్‌లో ఒక టోల్‌ప్లాజా, అలంపురం చౌరస్తా దాటాక పుల్లూరులో ఇంకొకటి.