రిపోర్టులో కాల్షియం నార్మల్.. మరి ఎముకల మాటేంటి?

నడుము నొప్పి, కాళ్లు పీకుతున్నాయని రక్తపరీక్ష చేయించుకుంటే చాలామందికి కాల్షియం నార్మల్ అనే వస్తుంది. అమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేస్తారు. అయితే ఆ రిపోర్టు చెప్పేది రక్తం సంగతి, ఎముకల సంగతి కాదు.

పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకలు, పళ్లలోనే. రక్తంలో ఉండేది డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి, గాయమైతే రక్తం గడ్డకట్టడానికి ఈ కొంచెమే కావాలి. అందుకే శరీరం దీన్ని ఆ హద్దులు దాటనివ్వదు.

ఆ కాపలా మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులది. సాధారణంగా నాలుగు ఉంటాయి. థైరాయిడ్ వెనక, ఒక్కోటి బియ్యపు గింజంత. పేరు కలిసినా థైరాయిడ్‌తో వీటి పనికి సంబంధం లేదు. రక్తంలో కాల్షియం కాస్త తగ్గగానే ఇవి పీటీహెచ్ అనే హార్మోన్ వదులుతాయి. అది ఎముకల నుంచి కాల్షియం తెప్పిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీల దగ్గరే ఆపిస్తుంది. విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చమని కిడ్నీలకు చెబుతుంది. తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగులు బాగా పీల్చుకోవాలంటే ఆ విటమిన్ డి ఉండాల్సిందే.

తిరకాసు ఇక్కడే ఉంది. విటమిన్ డి తక్కువైతే ఎన్ని పాలు తాగినా ఒంటికి పట్టేది కొంచెమే. అప్పుడు పీటీహెచ్ పెరిగి, లోటు ఎముకల నుంచి పూడుస్తుంది. గల్లాపెట్టెలో లెక్క సరిపోతుంది, కరిగేది ఫిక్స్‌డ్ డిపాజిట్. రోజంతా ఇంట్లోనో ఆఫీసులోనో గడిపేవారికి, ఒళ్లంతా కప్పుకుని తిరిగేవారికి చర్మానికి ఎండ తగిలేది తక్కువ. నొప్పులు తగ్గకపోతే విటమిన్ డి, పీటీహెచ్ పరీక్షల గురించి డాక్టర్ని అడగాలి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎముకలను కాపాడే ఈస్ట్రోజెన్ అప్పటికి బాగా తగ్గిపోతుంది.

థైరాయిడ్ ఆపరేషన్‌లో ఈ చిన్న గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

కాల్షియం ఎక్కువ వచ్చినా మంచిదేం కాదు. ఒక గ్రంథిలో గడ్డ పెరిగి పీటీహెచ్ ఆగకుండా వస్తూ ఉండొచ్చు. కిడ్నీ రాళ్లు మళ్లీ మళ్లీ రావడం వెనక కొందరిలో ఇదే కారణం. అలాంటివారు మెడికల్ షాపులో అడిగి కాల్షియం బిళ్లలు కొని మింగితే ప్రమాదం.